గాలితో ముడుచుకునే కాళ్లు, ఉప్పుగాలి తీరం

విజయనగరం జంక్షన్‌లో ఆగిన రైలు బ్రేకు పైపులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. దాని పక్కనే సాగే ఫీడు పైపులో 6 కిలోలు. అయిదు కిలోల బరువుండే రిమోట్ విమానం పొట్టలో, చక్రాలను ముడవడానికి నింపుకునే గాలి ట్యాంకులో ఒత్తిడి 7 కిలోలు. మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ల లెక్కలో అది 100 పీఎస్‌ఐ. అంత పెద్ద రైలును అదుపు చేసే గాలి కంటే గట్టిగా నొక్కిన గాలిని, బొటనవేలంత సిలిండర్లో, సన్నటి రబ్బరు రింగుల మీద నమ్మకం పెట్టి ఆకాశంలోకి పంపుతున్నారన్నమాట.

ఆ రింగుల్లో ఒకటి అరిగినా, ఒక గొట్టం జారినా విమానం పొట్ట మీద దిగాల్సి వస్తుంది. ఒక కాలు దిగి రెండోది దిగకపోతే నష్టం ఇంకా ఎక్కువ. రెక్క కొన నేలకు తగిలి విమానం గిర్రున తిరుగుతుంది. నెలల తరబడి రాత్రుళ్లు కూర్చుని చేసిన పని రెండు సెకన్లలో ముక్కలవుతుంది. ముడుచుకునే కాళ్లు అందమే. గాల్లో ఉన్నప్పుడు విమానం నిజం విమానంలా కనిపించేది వాటి వల్లే. కానీ మోడల్ మొత్తంలో అంత సున్నితమైన భాగం, అంత మొరటు దెబ్బలు తినే భాగం మరొకటి లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు విమానం ఇప్పుడు పరాయి సంగతి కాదు. కేంద్ర పౌర విమానయాన శాఖను 2014 నుంచి 2018 వరకు చూసింది విజయనగరం ఎంపీ పూసపాటి అశోక్ గజపతిరాజు. 2024 జూన్‌లో అదే శాఖను చేపట్టింది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం పనులకు 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. నిర్మాణం చేపట్టింది రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ సంస్థ. చింతలవలస ఎంవీజీఆర్, రాజాం జీఎంఆర్‌ఐటీ, టెక్కలి ఐతమ్ లాంటి ఇంజినీరింగ్ కళాశాలలు ఇక్కడే ఉన్నాయి. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో చేరిన కేడెట్‌కు మోడల్ విమానాల తయారీ శిక్షణలో ఒక భాగం. చదువుకునే పిల్లల చేతుల్లోకి రిమోట్ విమానాలు రావడానికి కావలసిన వాతావరణం ఉంది. అయితే ముడుచుకునే కాళ్ల గురించి దొరికే సలహాలన్నీ తారు రన్‌వేలు, పొడి గాలి ఉన్న దేశాల నుంచి వచ్చినవి. ఈ తీరపు తేమకు, ఈ వరి మళ్లకు అవి ఎంతవరకు సరిపోతాయి? అసలు ఇక్కడ గాలి కాళ్లు పెట్టుకోవడం మంచిదేనా?

పెద్ద విమానాల చరిత్రలో ఈ ప్రశ్నకు కొంత జవాబు ఉంది. 1920లో అమెరికా తయారుచేసిన డేటన్-రైట్ ఆర్‌బీ-1 పందెపు విమానంలో పైలటు చేత్తో తిప్పి చక్రాలను లోపలికి లాక్కునేవాడు. బ్రిటిషువాళ్ల ఏవ్రో ఆన్సన్‌లో చక్రాలు పూర్తిగా ముడవాలంటే పిడిని 140కి పైగా చుట్లు తిప్పాలి. తర్వాత నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ పద్ధతి వచ్చి దాదాపు అన్ని పెద్ద విమానాల్లోనూ స్థిరపడింది. గాలిని నమ్ముకున్నవి కొన్నే. వాటిలో మనవాళ్లకు తెలిసినది ఫోకర్ ఎఫ్-27 ఫ్రెండ్‌షిప్. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏళ్ల తరబడి నడిపిన ఆ విమానంలో చక్రాలు ముడిచేదీ, బ్రేకులు వేసేదీ గాలి ఒత్తిడే. రష్యావాళ్ల శిక్షణ విమానం యాక్-52 కూడా ఆ కోవదే. గాలి తేలిక, కారినా మంట అంటుకోదు, వెనక్కి తెచ్చే గొట్టం అక్కర్లేదు. ఈ సుగుణాలే మోడల్ తయారీదారులనూ ఆకర్షించాయి. కాకపోతే పెద్ద విమానంలో గాలి వ్యవస్థ ఉంటే, దానితోపాటు తేమను వేరు చేసే పరికరం, మిగిలిన తడిని పీల్చే రసాయనపు గొట్టం తప్పకుండా ఉంటాయి. మోడల్ విమానంలో ఆ రెండూ ఉండవు. మన తీరంలో కష్టాల మూలం ఎక్కువగా అక్కడే ఉంది.

మోడళ్లలో ముడుచుకునే కాళ్లు మొదట వెలిగింది విన్యాసాల పోటీల్లో. ఆస్ట్రియాకు చెందిన హన్నో ప్రెట్నర్ 1977లో ప్రపంచ విజేత అయ్యే నాటికి కాళ్లు ముడవని పోటీ విమానం పాతబడిపోయిన సరుకు. వేగమే ప్రధానంగా ఉన్న రోజులవి. తర్వాత పోటీ తీరు మారింది. విమానాలు నెమ్మదిగా, దగ్గర దగ్గరగా విన్యాసాలు చేయాల్సి వచ్చింది. 5 కిలోల బరువు పరిమితిలో ప్రతి గ్రాముకూ లెక్క చెప్పాల్సి వచ్చేసరికి విజేతలే ముడుచుకునే కాళ్లను తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు ఆ తరగతిలో ఎగిరేవాటికి కదలని కాళ్లే. ఈ సంగతి మన కుర్రాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. కాళ్లు ముడవడం నైపుణ్యానికి గుర్తు కాదు. జెట్ మోడళ్లకూ, రెండో ప్రపంచ యుద్ధపు విమానాల నమూనాలకూ అది నిజంగా అవసరం. మిగతావాటికి ముచ్చట.

యంత్రం ఎలా పనిచేస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. రెక్క లోపల అల్యూమినియం దిమ్మెలో ఒక సిలిండర్. అందులో పిస్టన్, దాని చుట్టూ ఓ-రింగ్. పిస్టన్ కొనకు ఉన్న పిన్ను, చట్రంలో కోసిన గాడి వెంట జారుతూ కాలిని తిప్పుతుంది. గాడి రెండు చివర్లలోనూ ఒక వంపు ఉంటుంది. కాలు పూర్తిగా దిగాక పిన్ను ఆ వంపులోకి వెళ్లి కూర్చుంటుంది. ఇక నేల దెబ్బను మోసేది ఆ పిన్ను, ఆ చట్రం. గాలి కాదు. చాలామంది కొత్తవాళ్లు గాలే కాలిని నిలబెడుతుందనుకుని ఒత్తిడి పెంచేస్తారు. అది పొరపాటు. గాలి పని కాలిని చివరిదాకా తీసుకెళ్లి తాళం వేయడమే. ఆ పిన్ను వంగినా, గాడి అంచు నలిగినా ఎంత గాలి కొట్టినా తాళం పడదు. దిగిన ప్రతిసారీ కాలిని వేళ్లతో ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి. ఊగులాట మామూలు కంటే ఎక్కువగా ఉంటే అక్కడే ఆపేసి విప్పి చూసుకోవాలి.

ఇప్పుడు గాలి లెక్క. 12 మిల్లీమీటర్ల సిలిండర్ వైశాల్యం సుమారు 1.13 చదరపు సెంటీమీటర్లు. 7 కిలోల ఒత్తిడిలో అది దాదాపు 8 కిలోల బలంతో తోస్తుంది. మూడు కాళ్లకు మూడు సిలిండర్లు, ఒక్కోటి 3 సెంటీమీటర్లు కదులుతుందనుకుంటే ఒక్కసారి ముడవడానికి ట్యాంకులోంచి సుమారు 10 మిల్లీలీటర్ల గాలి పోతుంది. ట్యాంకు 100 మిల్లీలీటర్లదైతే ప్రతి కదలికకూ, బయటి వాతావరణ ఒత్తిడిని కూడా కలుపుకున్న మొత్తం ఒత్తిడిలో పదకొండో వంతు తగ్గుతుంది. నాలుగు కదలికలు, అంటే రెండుసార్లు ముడిచి రెండుసార్లు దింపేసరికి 7 కిలోలు కాస్తా నాలుగున్నర అవుతుంది. తోసే బలం 8 కిలోల నుంచి 5కి పడిపోతుంది. గొట్టాల్లో ఎక్కడా కారకపోతేనే ఈ లెక్క. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారని గాల్లో పదే పదే కాళ్లు ముడిచి దించేవాళ్లు దిగేటప్పటికి వాడుకోవలసిన గాలిని ముందే ఖర్చు పెట్టేస్తున్నారు. ఒక కాలు మొరాయించినప్పుడు కంగారుగా స్విచ్చి అటూ ఇటూ కొట్టేవాళ్లకూ ఇదే గతి పడుతుంది. రెండు ప్రయత్నాలు చాలు. మూడోదానికి మిగిలిన కాళ్లను కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అప్పుడు చేయగలిగిన మంచి పని, కాళ్లన్నీ లోపలికి లాగేసి గడ్డి మీద పొట్టతో దింపుకోవడం. రెండు కాళ్ల మీద వంకరగా దిగడం కంటే దానికి ఖర్చు తక్కువ.

ఈ అపాయాన్ని తయారీదారులు రెండు దారుల్లో ఎదుర్కొన్నారు. ఒకటి స్ప్రింగు దారి. గాలి కాలిని పైకి లాగడానికి మాత్రమే. దింపేది స్ప్రింగు. గాలి మొత్తం పోతే కాళ్లు వాటంతటవే కిందికి వస్తాయి. స్ప్రింగ్ ఎయిర్ అనే అమెరికా రకం దీనికే పేరు తెచ్చుకుంది. రోబార్ట్ కంపెనీ రెండు రకాలూ అమ్మింది. రెండో దారి జెట్ మోడళ్లది. ట్యాంకు ఒత్తిడి ఒక హద్దు కంటే తగ్గితే ఎలక్ట్రానిక్ వాల్వు తనంతట తానే కాళ్లు దింపేస్తుంది. మొదటిసారి గాలి కాళ్లు కొనేవారు రెండువైపులా గాలితో నడిచే రకం కంటే స్ప్రింగు రకం తీసుకోవడమే మంచిది. స్ప్రింగుకు ఒక బలహీనత ఉంది: వేగంగా వెళ్తున్న విమానంలో, ఎదురుగాలిని తోసుకుంటూ ముందుకు తెరుచుకునే కాలిని అది పూర్తిగా దింపలేకపోవచ్చు. వెనక్కి ముడుచుకునే కాలుకు ఈ ఇబ్బంది ఎక్కువ. ముందుకు ముడుచుకునే కాలు తెరుచుకునేటప్పుడు గాలే దాన్ని వెనక్కి నెట్టి సాయం చేస్తుంది. కాబట్టి స్ప్రింగు కాళ్లున్న విమానాన్ని దింపే ముందు వేగం బాగా తగ్గించి, అప్పుడు స్విచ్చి వేయాలి.

కాళ్ల అమరికను నిజం విమానం మీద చూడాలనుకునే విద్యార్థికి విశాఖపట్నం ఆర్కే బీచ్ రోడ్డు దగ్గరలోనే ఉంది. నౌకాదళంలో 1988 నుంచి 2017 దాకా ఎగిరిన టీయూ-142 విమానం అక్కడ ప్రదర్శనశాలగా నిలబడి ఉంది. దాని ప్రధాన చక్రాలు వెనక్కి ముడుచుకుని, రెక్కల వెనక పొడుచుకొచ్చిన తొడుగుల్లోకి వెళ్తాయి. ఒక గంట దాని కింద నిలబడి కీళ్లను, ఆనుకర్రలను గమనిస్తే పుస్తకంలో బొమ్మలు చూసినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇక తేమ. ఈ వ్యాసానికి అసలు విషయం ఇదే.

భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంట గాలిలో తేమ పొద్దుటిపూట 80 శాతం ఉండటం మామూలే. 30 డిగ్రీల వేడిలో అలాంటి గాలి ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీటిని ఆవిరిగా మోస్తుంది. దాన్ని ఎనిమిదో వంతు చోటులోకి కుదించి చల్లారనిస్తే ఆ చిన్న చోటు అంత ఆవిరిని పట్టలేదు. మిగిలినది నీరవుతుంది. 100 మిల్లీలీటర్ల ట్యాంకును ఖాళీ నుంచి నింపిన ప్రతిసారీ సుమారు 16 మిల్లీగ్రాముల నీరు లోపల మిగులుతుందని లెక్క. మూడు నాలుగు సార్లు నింపితే ఒక బొట్టు. ఒక బొట్టే కదా అనిపిస్తుంది. కానీ వాల్వులో దారులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పువే. ఆ బొట్టు రింగు మీది నూనెను కడిగేస్తుంది. ఉక్కు స్ప్రింగుకు తుప్పు పట్టిస్తుంది. అల్యూమినియం గోడ మీద తెల్లటి పొడి లేపుతుంది. ఆ పొడే గరుకు కాగితంలా రింగును కోస్తుంది. తర్వాతి ఆదివారం మైదానానికి వెళ్లేసరికి కాలు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. యజమాని మాత్రం కంపెనీని తిట్టుకుంటాడు.

ఈ విషయంలో మన జిల్లాల్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేని పాఠం ఒకటుంది. ఆర్టీసీ డిపోలో బస్సు గాలి ట్యాంకుల అడుగున ఉన్న మర విప్పి నీళ్లు వదిలేయడం అక్కడి మెకానిక్కులకు రోజువారీ పని. పంక్చరు షాపు కంప్రెసర్‌కు కూడా అడుగున అలాంటి మరే ఉంటుంది. మోడల్ ట్యాంకుకు ఆ మర ఉండదు. కాబట్టి నీరు లోపలికి వెళ్లకుండా ముందే ఆపాలి. పంక్చరు షాపు గాలి అన్నిటికంటే చెడ్డది. ఎంతో గాలిని పోగు చేసుకున్న పెద్ద ట్యాంకు అది. అందులో నీటితోపాటు కంప్రెసర్ నూనె, తుప్పు కూడా కలిసి వస్తాయి. చేతి పంపు చాలా మేలు. పంపుకూ విమానానికీ మధ్య చిన్న వడపోత గొట్టం పెట్టి, అందులో నీలం రంగు సిలికా జెల్ గుళికలు నింపుకుంటే ఇంకా మంచిది. నీలం గులాబీ రంగుకు తిరిగిందంటే గుళికలు తడిని పూర్తిగా పీల్చుకున్నాయని. వాటిని సన్నటి సెగ మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఆ గొట్టం చివర ఒక పొర స్పాంజి గానీ ఫెల్టు గానీ పెట్టకపోతే గుళికల పొడి వాల్వులోకి పోయి కొత్త తంటా తెస్తుంది. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ట్యాంకులో గాలి మొత్తం వదిలేయాలి. కాళ్లు దించే ఉంచాలి. గాలి బిగించిన ట్యాంకును కారులో ఎండకు వదలడం ఎంతమాత్రం తగదు. 25 డిగ్రీల దగ్గర నింపిన గాలి 45కి వేడెక్కితే ఒత్తిడి అర కిలో పెరుగుతుంది. మూసి ఉన్న కారులో వేడి అంతకు మించి పోతుంది.

కొంతమంది ఖర్చు కలిసొస్తుందని కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలను ట్యాంకులుగా వాడతారు. పిల్లల చేతిలో అవి పేలే వస్తువులే. ఒత్తిడి కోసం తయారు చేసిన ట్యాంకు తప్ప మరొకటి వాడకూడదు. ఇందులో బేరం లేదు.

రబ్బరు రింగుల గురించి తప్పుడు సలహాలు చాలా తిరుగుతుంటాయి. గాలి కాళ్లలో ఎక్కువగా ఉండేవి నైట్రైల్ రబ్బరు రింగులు. వాటికి ఒక్క చుక్క సిలికాన్ నూనె చాలు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం కొందరికి అలవాటు. అది తడిని తరుముతుంది, మురికిని కడుగుతుంది. కానీ అది ఎక్కువ రోజులు నిలిచే నూనె కాదు. ఆరాక రింగు పొడిబారిపోతుంది. గ్రీజు దట్టంగా పూస్తే దుమ్ము అతుక్కుని పేస్టులా తయారవుతుంది. గాలి కారుతున్న చోటు కనిపెట్టడానికి సబ్బు నీళ్లు, చిన్న బ్రష్షు చాలు. బుడగ లేచిన చోటే తప్పు. ఎక్కువ కేసుల్లో అది రింగు దగ్గర కాదు, గొట్టం చివర. కత్తెరతో కోసిన గొట్టం అంచు ఏటవాలుగా నలిగి ఉంటుంది. కొత్త బ్లేడుతో నిలువుగా కోసి, బాగా లోపలికి దూర్చి, దాన్ని లాగకుండా కొంచెం సడలుగా వదలాలి. రెక్కను విమానానికి బిగించేటప్పుడు గొట్టం మధ్యలో నలిగిపోవడం మరో సాధారణ తప్పు. ముందు రోజు రాత్రి నింపి, మీటరు ముల్లు ఎక్కడుందో రాసిపెట్టుకుని, తెల్లారి మళ్లీ చూసుకోవడాన్ని మించిన పరీక్ష లేదు.

స్విచ్చి సంగతి చిన్నదే కానీ ప్రాణం తీస్తుంది. రిమోట్ మీద కాళ్ల స్విచ్చి పైకి ఉండగా విమానానికి కరెంటు ఇస్తే నేల మీదే కాళ్లు ముడుచుకుపోతాయి. గాలి నింపే ముందే స్విచ్చి కిందికి ఉందో లేదో చూసుకోవాలి.

గాలిని ఎంత కాపాడుకున్నా నేలను జయించలేం. 5 కిలోల విమానం సెకనుకు ఒక మీటరు వేగంతో కిందికి దిగి తాకిందనుకుందాం. కాలిలోని స్ప్రింగు ఒక సెంటీమీటరు కుదించుకుంటే కాళ్ల మీద పడే దెబ్బ సగటున 25 కిలోలు, పైగా విమానం బరువు. స్ప్రింగు లేకుండా మొత్తం రెండు మిల్లీమీటర్లే సడలింపు ఉంటే అదే దెబ్బ 125 కిలోలు దాటుతుంది. కాలిలో స్ప్రింగు ఉండాలని పట్టుబట్టడానికి ఈ ఒక్క లెక్క చాలు. గరుకు నేల మీద ఇంకా మంచివి మోకాలిలా వెనక్కి వంగే కాళ్లు. రాయి తగిలినప్పుడు చక్రం పైకీ వెనక్కీ కదిలి దెబ్బను మింగేస్తుంది. నిలువు కాలు అలా కదలలేదు. మొత్తం దెబ్బను పైనున్న దిమ్మెకు అప్పగిస్తుంది.

ఇక్కడే మన పొలాల సంగతి వస్తుంది. సంక్రాంతి దాటాక వరి కోసిన మళ్లు విశాలంగా కనిపిస్తాయి. రన్‌వేలకు పనికొస్తాయనిపిస్తుంది. కానీ శ్రీకాకుళం, విజయనగరం రైతులు చాలాచోట్ల వరి కోతకు ముందే పచ్చి నేలలో మినుము, పెసర చల్లేస్తారు. కోత కాగానే ఆ మడి రెండో పంటది. దాని మీద చక్రం పెట్టడం రైతు కడుపు కొట్టడమే. ఏ పంటా లేని మడిలోనూ కొయ్యకాళ్లు గట్టిగా ఎండి నిలబడి ఉంటాయి. 6 సెంటీమీటర్ల చక్రం వాటిని ఎక్కి దాటలేదు. ఢీకొని ఆగుతుంది. కాలి పొడుగు 15 సెంటీమీటర్లయితే, చక్రం దగ్గర తగిలిన దెబ్బ పైన దిమ్మెను చెక్కలోంచి పెకలిస్తుంది. తీరం వెంట ఇసుక మెత్తగా, సమంగా కనిపిస్తుంది. కళింగపట్నం, బారువ తీరాలు కళ్లకు ఎంత ఇంపుగా ఉన్నా గాలి కాళ్లకు అంతకంటే చెడ్డ చోటు లేదు. ఇసుక రేణువు సిలిండర్ రాడ్డు మీద ఒక్కసారి గీత పెట్టిందా, ఆ గీత వెంట గాలి కారుతూనే ఉంటుంది.

కాలు బిగించే చెక్కలో ఒక తెలివి ఉంది. బీచ్ చెట్టు కలప లాంటి గట్టి చెక్క పట్టీలను రెక్క పక్కటెముకలకు రెండు మూడింటికి పాకేలా అతికించాలి. వాటి పైన ప్లైవుడ్ పలక. స్క్రూ రంధ్రాలను ఒకసారి విప్పి, పలచటి సయనో జిగురు చుక్క వేసి ఆరనిస్తే చెక్క గట్టిపడి మరలు పట్టు తప్పవు. చిన్న, మధ్యరకం మోడళ్లలో ఉక్కు బోల్టుల బదులు నైలాన్ బోల్టులు వాడటం ఎంతో మేలు. గట్టి దెబ్బకు అవి తెగిపోయి కాలు ఊడి పక్కన పడుతుంది. రెక్క మిగులుతుంది. బోల్టు చిల్లర ఖర్చు, రెక్క నెలల శ్రమ. పెద్ద జెట్లలో మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. అక్కడ కాలు ఊడడమే పెద్ద ప్రమాదం.

ఉప్పు గురించి నౌకాదళాలు ఎప్పుడో కనుక్కున్న మందు మంచినీళ్లు. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగిరి వచ్చిన విమానాన్ని వాళ్లు మంచినీళ్లతో కడుగుతారు. మోడల్‌కు కడగడం అక్కర్లేదు. తడి గుడ్డతో కాళ్లు, రాడ్డు, చక్రాల ఇరుసులు తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడిస్తే సరి. అల్యూమినియం దిమ్మెలో ఉక్కు స్క్రూ, మధ్యలో ఉప్పు తేమ కలిస్తే అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ అయితే తనకు తుప్పు పట్టదు గానీ పక్కనున్న అల్యూమినియాన్ని వదలదు. మరల మీద పలచగా గ్రీజు రాసి బిగిస్తే ఈ తినివేత చాలా నెమ్మదిస్తుంది. హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. వానల నెలల్లో మోడల్‌ను గోడకు ఆనించి గదిలో వదిలేయకుండా, కాళ్ల భాగాన్ని సిలికా జెల్ సంచితో పాటు పాలిథీన్ కవరులో కట్టి ఉంచితే శీతాకాలానికి అది పనికొచ్చే స్థితిలో ఉంటుంది.

మరి మోటారు కాళ్లు వచ్చాక గాలి కాళ్ల మీద ఇంత శ్రమ ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. కొత్తగా అమ్మే మోడళ్లలో ఎలక్ట్రిక్ కాళ్లే ఎక్కువ. స్పెయిన్ ఎలక్ట్రాన్ నుంచి చైనా జేపీ హాబీ దాకా ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి. చిన్న మోటారు, మర రాడ్డు, కాలు చివరకు చేరగానే కరెంటు పెరిగినట్టు గుర్తించి ఆపే సర్క్యూటు. గాలి నింపే పని లేదు, కారుతుందన్న భయం లేదు. ఎన్నిసార్లు ముడిచి దించినా బలం తగ్గదు. తేమ ఎక్కువగా ఉన్న చోట ఇది నిస్సందేహంగా లాభమే. కానీ కాలు కొంచెం వంగి రాపిడి పెరిగిందా, చివరకు చేరాననుకుని మోటారు దారిలోనే ఆగిపోతుంది. ఆ సర్క్యూటు కాలిపోతే శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో దొరికేది కాదు. దూరం నుంచి తెప్పించుకోవాలి. గాలి కాలుకు కావలసిన ఓ-రింగులు బేరింగులు, హైడ్రాలిక్ సామాను అమ్మే షాపులో దొరుకుతాయి. లోపలి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిచి అడిగితే చాలు. విప్పి, కడిగి, మళ్లీ బిగించగల యంత్రం ఇంజినీరింగ్ విద్యార్థికి నేర్పేది చాలా ఉంటుంది. రింగు మార్చగలిగిన పిల్లవాడికి పరిశ్రమల్లోని గాలి సిలిండర్లు కొత్త కావు.

కాబట్టి తీర్పు ఒకే మాటలో ఉండదు. నేర్చుకునే దశలో కదలని కాళ్లు. పోటీల కోసం విద్యార్థులు కట్టే బరువులెత్తే మోడళ్లకూ కదలని కాళ్లే, మరో ఆలోచన అక్కర్లేదు. యుద్ధ విమానపు నమూనా కట్టాలనుకునేవారికి, చదును చేసిన నేల అందుబాటులో ఉంటే ఎలక్ట్రిక్ కాళ్లు. గాలి కాళ్లు మాత్రం పాత మోడల్‌ను నిలబెట్టుకోవాలనుకునేవారికి, వేగంగా, బలంగా ముడిచే పెద్ద జెట్లు ఎగరేసేవారికి, యంత్రాన్ని విప్పి చూడటమంటే ఇష్టం ఉన్నవారికి. పొడి గాలి, మెత్తటి కాలు, తెగే బోల్టు, ఎగరబోయే ముందు మీటరు మీద ఒక చూపు: ఈ నాలుగింటిలో ఏది తప్పినా ఈ తీరంలో వాటిని పెట్టుకోకపోవడమే మేలు.

ఎగరేసే చోటు విషయంలో చట్టం కూడా ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు చదువు కోసం, వినోదం కోసం ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లను ప్రత్యేకంగా గుర్తించాయి. అవి ఎప్పుడూ కంటికి కనిపించే దూరంలోనే ఎగరాలి. మామూలు ప్రాంతాల్లో 400 అడుగుల వరకు అనుమతి అడగనక్కర్లేదు. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే. ఇంకా దగ్గరికి వస్తే నిబంధనలు మరింత కఠినం. భోగాపురంలో రాకపోకలు మొదలయ్యాక చుట్టుపక్కల మండలాల ఆకాశానికి ఈ హద్దులన్నీ వర్తిస్తాయి. ఇప్పటిదాకా ఎగరేసుకుంటున్న మైదానం ఏ రంగులోకి వచ్చిందో, ఆకాశాన్ని రంగుల ప్రాంతాలుగా విభజించి చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో చూసుకోకుండా విమానం లేపకూడదు.

ఈ రెండు జిల్లాల కళాశాలలకు ఒక విన్నపం. ప్రయోగశాలల్లో లక్షలు పెట్టి యంత్రాలు కొంటున్నారు. ఆవరణలో వాడకుండా వదిలేసిన నేలలో 80 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మేర రాళ్లు ఏరి, రోలరు తిప్పి, గడ్డి పొట్టిగా కోయించండి. విమానాశ్రయపు హద్దుకు దూరంగా ఉన్న కళాశాలలు ముందుకు రావాలి, సమీపంలోని ఎన్‌సీసీ కేడెట్లనూ రానివ్వాలి. విమానయాన శాఖ మంత్రులను ఇచ్చిన జిల్లాల్లో పిల్లలు విమానం దింపడానికి కొయ్యకాళ్ల మధ్య చోటు వెతుక్కోవలసిన అవసరం ఉండకూడదు.